రేడియేటర్‌లో నీళ్లు

డాక్టర్ నూకరత్నం కనిపెట్టింది మందు కాదు, మందుకి కళ్లెం. మందు అంతకు ముందే ఉంది. రోగి రక్తంలోని రక్షక కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టి చంపడం వాటికి నేర్పించి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించే వైద్యం అది. చంపడం వరకూ ఆ కణాలు బాగానే నేర్చుకున్నాయి. ఆగడమే వాటికి రాలేదు. కణితి మీద పడాల్సినవి గుండె మీదా, ఊపిరితిత్తుల మీదా, మెదడు మీదా పడేవి. జ్వరం నూట అయిదు, బీపీ పాతాళంలో. క్యాన్సర్ తగ్గింది గానీ మనిషి దక్కలేదని చెప్పడానికి వార్డు బయటికొచ్చి, ఆ ఇంటివాళ్ల మొహాలు చూడలేక గోడకేసి చూస్తూ మాట్లాడిన డాక్టర్లలో రత్నం కూడా ఉంది. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఆమెకి ఇప్పటికీ గుర్తే.

అందుకే పన్నెండేళ్లు కూర్చుని ఆ కణాలకి కళ్లెం వేసింది. ఒక మందు చుక్క రక్తంలో పడితే చాలు, ఆ కణాలన్నీ ఎక్కడివక్కడ ఆరు గంటలు నిద్రపోతాయి. ఒళ్లు చల్లబడుతుంది. తర్వాత లేచి మళ్లీ పనిలోకి దిగుతాయి. చుక్క మందు చర్మం కింద అమర్చిన గోరంత డబ్బీలో ఉంటుంది. అది ఎప్పుడు పడాలో చెప్పేది మణికట్టుకి కట్టిన పట్టీ. ఒళ్లు మామూలుగా ఉంటే పట్టీ మీద పచ్చదీపం. వేడెక్కుతుంటే పసుపు వెలిగి, చిన్నగా వణికి, కూర్చోమని హెచ్చరిస్తుంది. వేడి గీత దాటితే ఎరుపు. ఎరుపు వెలిగిందంటే చుక్క పడిందన్నమాట.

వేడి కొలిచే ముక్కని కూడా చర్మం కిందే పెట్టాలని రత్నం మొదట అనుకుంది. దానికి ఇంకో చిన్న ఆపరేషను, ఇంకో అనుమతి, ఇంకో ఏడాది. "మణికట్టు మీద పెడితే చాలదా?" అని అడిగారు సంస్థ డైరెక్టర్ డాక్టర్ హైమవతి.

"చాలు మేడమ్. బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లలు థర్మామీటర్‌ని మోసం చేస్తారు గానీ, ప్రాణం మీదికొచ్చిన వాళ్లెవరు చేస్తారు?" అంది రత్నం.

మీటింగులో అందరూ నవ్వారు. నవ్వు రికార్డుల్లోకి ఎక్కలేదు. మాట మాత్రం ఆమె పేరుతో సహా ఎక్కింది.

పన్నెండుగురు రోగుల మీద పరీక్ష మొదలైంది. విశాఖలో, మధురవాడ దాటాక కొండ మీద ఉంటుంది ఆ సంస్థ. ప్రతి సోమవారం కణాలు ఎక్కిస్తారు, మర్నాడు మంగళవారం రోగుల్ని చూస్తారు. నిబంధనలు రెండు. ఎవరి పట్టీ అయినా మూడుసార్లు ఎర్రబడితే ఆ మనిషికి ఈ వైద్యం పడలేదని లెక్క, పరీక్షలోంచి తప్పిస్తారు. అలా ముగ్గురు తప్పుకుంటే పరీక్ష మొత్తం ఆగిపోతుంది. నిబంధన రాసినవాళ్లు ఆ మాటని 'ఉపసంహరణ' అన్నారు. హాల్లో బల్లల మీద కూర్చున్న రోగులు మాత్రం 'తీసేశారు' అన్నారు, ఫ్యాక్టరీలో పని తీసేసినట్టు. మొదటి నెలలోనే ఇద్దరిని తీసేశారు. ఆ ఇద్దరిలో ఒకాయన శ్రీకాకుళం వెళ్లిపోయి పద్దెనిమిదో రోజున పోయాడు. ఆ కబురు డాక్టర్లకంటే ముందు హాల్లోకే చేరింది.

పదకొండో నంబరు రోగి బొడ్డేటి అప్పలస్వామి, రత్నం తండ్రి.

అప్పలస్వామి ముప్పై ఒక్క ఏళ్లు పాడేరు ఘాట్ మీద బస్సు నడిపాడు. కూతురు ఎంత చదివినా, ఎన్ని దేశాల్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆయనకి గర్వకారణం ఒక్కటే. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన బస్సు ఒక్కసారీ కొండ మధ్యలో ఆగిపోలేదు. మే నెల ఎండలో, నిండుగా ఉన్న బండితో ఎక్కుతుంటే ఇంజను వేడెక్కేది. డ్యాష్‌బోర్డు మీద సూది ఎరుపు వైపు పాకేది. సీటు కింద రెండు నీళ్ల డబ్బాలు, భుజం మీద తడి తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. ఎరుపు అంటకముందే మలుపు దగ్గర ఆపి, తువ్వాలుతో మూత తిప్పి, రేడియేటర్‌లో నీళ్లు పోసి, మళ్లీ స్టీరింగు పట్టుకునేవాడు.

"కొండెక్కుతున్నప్పుడు ఇంజను వేడెక్కకుండా ఉంటాదేటమ్మా?" అనేవాడు చిన్నప్పుడు రత్నాన్ని బానెట్ పక్కన కూర్చోబెట్టుకుని. "సూదిని ఎరుపులోకి పోనియ్యకపోడవే డ్రైవరు పని. వెనకాల యాబై మంది కూకున్నారు. ఆల్లకి మన తిప్పలు తెలీకూడదు."

ఊపిరితిత్తుల్లో కణితి ఉందని తేలినప్పుడు కూడా ఆయన ఇంట్లో అందరికంటే నిబ్బరంగా ఉన్నాడు. అన్ని మందులూ వాడి విసిగిపోయాక, మిగిలింది కూతురి మందే అని తెలిసినప్పుడు మాత్రం కళ్లు చెమర్చాయి.

"మా నూకాలు మందే నాకు," అన్నాడు భార్య సత్యవతితో. "ఇంకేటి కావాల?"

డాక్టర్ హైమవతి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. తండ్రి కాగితాలు రత్నం ముట్టకూడదు, ఆయన పట్టీ లెక్కలు చూడకూడదు, పదకొండో నంబరు గురించి ఎవరినీ అడగకూడదు. న్యాయమైన షరతే. ఆ న్యాయం ఏ కొంప ముంచుతుందో అప్పుడెవరికి తెలుసు! రత్నం సంతకం పెట్టింది. ప్రపంచంలో ఆ పట్టీ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచం దగ్గర కూర్చుంటూ, తండ్రి సంగతి తండ్రినే అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఏటీ కాదు. సుబ్బరంగా ఉన్నాను."

ఆయనకి పన్ను పీకినప్పుడూ అదే మాట, చెయ్యి విరిగినప్పుడూ అదే మాట. రత్నానికి తెలియని సంగతి కాదు.

మూడో వారం ఆదివారం పొద్దున్న, వరండాలో బట్టలు ఆరేస్తూ రత్నం ఫోనులో మాట్లాడింది. అటు హైమవతి.

"ఇద్దరు తప్పుకున్నారు కదా మేడమ్. మూడో మనిషి కూడా పోతే ఇక మూటాముల్లే సర్దుకోవడమే. పన్నెండేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే... వద్దు మేడమ్, పదకొండో నంబరు సంగతి నాకు చెప్పకండి. నేను వినకూడదు."

వినకూడదన్న మనిషి వినలేదు. వినాల్సిన అవసరం లేని మనిషి విన్నాడు. కిటికీకి ఇవతల పేపరు చదువుతున్న అప్పలస్వామి, పేపరు మడిచి, తన మణికట్టు కేసి చూసుకున్నాడు. అప్పటికే ఆ పట్టీ రెండుసార్లు ఎర్రబడింది. ఆ విషయం ఆయనకి తెలుసు, సత్యవతికి తెలుసు, లెక్కలు చూసేవాళ్లకి తెలుసు. రత్నానికి తెలియదు.

ఆ రోజు తర్వాత పదకొండో నంబరు పట్టీ మళ్లీ ఎర్రబడలేదు.

ఒక్క పదకొండేమిటి, ఎవరిదీ ఎర్రబడలేదు. నాలుగో వారం పచ్చ. అయిదో వారం పచ్చ. అప్పుడప్పుడు పసుపు, అది కూడా కాసేపే. ల్యాబులో స్వీట్లు పంచారు. శరీరం కళ్లేనికి అలవాటు పడుతోందని, కణాలు క్రమశిక్షణ నేర్చుకుంటున్నాయని రత్నం ఒక వ్యాసం కూడా మొదలుపెట్టింది. మంగళవారం హాల్లోంచి నడిచి వెళ్తుంటే రోగులందరి ఒళ్లో గేటు దగ్గర అమ్మే చల్లని నీళ్ల సీసాలు కనిపించేవి. కొందరు రెండు చేతులా పట్టుకుని, కొందరు మణికట్టుకి ఆనించుకుని కూర్చునేవారు. ఏప్రిల్ ఎండ కదా పాపం అనుకుంది రత్నం. హాల్లో ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టించమని చెప్పింది. ఫ్యాన్లు పెట్టించారు.

నర్సు సలోమి పట్టీ మీద అంకె చూసి కాగితంలో రాసుకునేది. పట్టీ ఉండగా మళ్లీ థర్మామీటర్ ఎందుకు? రక్తం మాత్రం తీసి, భద్రపరిచి, ఆరు వారాలకోసారి కట్టగా హైదరాబాద్ పంపేవారు.

ఇంట్లో అప్పలస్వామి భుజం మీద ఎర్ర తువ్వాలు మళ్లీ కనిపించసాగింది. తడిపి, పిండి, ఎడమ చేతికి చుట్టుకుని కూర్చునేవాడు.

"ఇంకా బస్సు దిగలేదా నాన్నా?" అని నవ్వింది రత్నం.

"అలవాటు, ఏటి సేత్తాం!" అని ఆయనా నవ్వాడు.

ఆ నవ్వుతో పాటు ఇంకొన్ని కూడా కనిపించాయి. రెండో అంతస్తుకి ఎక్కడానికి నాలుగుచోట్ల ఆగేవాడు. పాదాలు వాచి, చెప్పుల పట్టీలు పట్టేవి కావు. పెదాలు నల్లబడ్డాయి. రత్నం చూసింది. చూసి, పట్టీ కేసి చూసింది. పచ్చగా ఉంది. తండ్రి మొహం ఒకటి చెబుతోంది, తను చేసిన దీపం ఇంకొకటి చెబుతోంది. రత్నం దీపాన్ని నమ్మింది. దాన్ని నమ్మడానికి పన్నెండేళ్లు పెట్టింది మరి.

ఆరో వారం స్కాన్ తీశారు. ఆ ఫలితం చెప్పకుండా ఉండటం హైమవతి వల్ల కాలేదు. రత్నం గదికి ఆవిడే నడిచొచ్చారు.

"నిబంధన ఒక్క నిమిషం పక్కన పెడుతున్నాను. మీ నాన్నగారి కణితి లేదు రత్నం. తగ్గడం కాదు, లేదు. ఉన్న పదిమందిలో ఇంత శుభ్రమైన స్కాన్ ఇంకొకటి లేదు."

రత్నం టేబులు మీద తలపెట్టి ఏడ్చింది. ఇంటికి పరుగెత్తుకెళ్లి తండ్రి పాదాల దగ్గర కూలబడి చెప్పింది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మంచుముద్దలా ఉంది. ఇంత ఎండల్లో ఇంత చల్లటి చెయ్యి ఏమిటని ఆ క్షణాన ఆమెకి తట్టలేదు.

"అయితే బండి డిపోకి సేరినట్టేనా అమ్మా?"

"చేరింది నాన్నా."

"ఎక్కడా ఆగనేదు కదా?"

"ఎక్కడా ఆగలేదు."

"అదీ!" అని సత్యవతి కేసి గర్వంగా చూశాడు. సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సంతోషం పట్టలేక అనుకుంది రత్నం.

ఎనిమిది రోజుల తర్వాత, బుధవారం పొద్దున్న, గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నిలబడ్డ అప్పలస్వామి సగం గడ్డంతో అలాగే పక్కకి ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. ఎడమ చేతి పట్టీ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

గుండెపోటు అన్నారు. అరవై ఏడేళ్ల మనిషి, నలభై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి. "మందుకి సంబంధం లేని మరణం" అని కాగితం సిద్ధమైంది. పోస్టుమార్టం చేయించమంటావా అని హైమవతి అడిగారు. సత్యవతి, "కొయ్యొద్దమ్మా, ఆయన్ని కొయ్యొద్దు," అని కాళ్లావేళ్లా పడింది. రత్నం సరేనంది. తల్లి ఏడుపు చూడలేక అని అందరికీ చెప్పింది, తనకి తను కూడా చెప్పుకుంది. అసలు సంగతి వేరు. మందుకి సంబంధం లేదన్న మాట విన్నప్పుడు ఆమె గుండెల మీంచి బరువు దిగింది. తండ్రి శవం ఇంకా ఇంట్లోనే ఉండగా, హమ్మయ్య, కళ్లేనిది తప్పు కాదు అనుకుంది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు, మధ్యాహ్నం, చుట్టాలందరూ వెళ్లిపోయాక సత్యవతి ఫ్రిజ్ కడగడానికి కూర్చుంది. మంచు అర తలుపు తీసి ఒక్కొక్కటీ బయట పెడుతోంది. స్టీలు గిన్నెలు, పాత హార్లిక్స్ సీసాలు, ఇడ్లీ రేకులు, ప్రతిదాంట్లో గడ్డకట్టిన నీళ్లు. వాటి మధ్య మడత పెట్టి బిగుసుకుపోయిన ఎర్ర తువ్వాలు.

"ఇంత మంచు దేనికమ్మా?" అని అడిగింది రత్నం.

సత్యవతి చేతిలో గిన్నె జారింది. మంచు గచ్చు మీద పగిలి నాలుగు పక్కలకీ పోయింది. ఆవిడ అది ఏరలేదు.

"నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడే. ఒట్టు ఆయనతోనే పోయిందిలే."

"ఏం చెప్పొద్దని?"

"పసుపు దీపం ఎలగ్గానే నన్ను కేకేసేవోడు. నాను మంచు ఇచ్చీదాన్ని. సేతికి సుట్టుకుని కూకునీవోడు. పచ్చబడీదాకా తీసీవోడు కాదు. ఒక్కోపాలి గంట, గంటన్నర. ఒల్లు నిప్పు కాలినట్టు కాలిపోయీది, సెయ్యి మాత్తరం సచ్చిపోయినట్టు సల్లగా ఉండీది. ఆస్పత్రికెల్లే ముందు జరం బిల్ల ఏసుకునీవోడు."

రత్నం గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"ఎందుకు? ఎందుకమ్మా?"

"ఇంకోపాలి ఎర్రబడితే నీ పని మొత్తం ఆగిపోద్దంట కదా? నువ్వు పోన్లో అంటే ఇన్నాడు. పన్నెండేళ్ల నుంచి పిల్ల బండి నడుపుతోంది, కొండ మద్దిన నా మూలాన ఆగిపోతే నాను బతికేటి, సత్తే ఏటి అన్నాడు." "సెయ్యి సల్లబడితే ఒల్లూ సల్లబడతాదనుకున్నామే. ఇంజనుకి నీల్లోసినట్టేనే అన్నాడు. నానూ అదే అనుకున్నాను. కాదేటే?"

కాదు. రేడియేటర్‌లో నీళ్లు పోస్తే ఇంజను చల్లబడుతుంది. అప్పలస్వామి నీళ్లు పోసింది ఇంజనుకి కాదు, సూదికి. సూది చల్లగా ఉంది కాబట్టి చుక్క పడలేదు. చుక్క పడలేదు కాబట్టి ఆ ఆదివారం నుంచి కణాలు ఒక్క పూట కూడా నిద్రపోలేదు. రాత్రీ పగలూ పనిచేసి కణితిని నామరూపాల్లేకుండా చేసి, అది అయిపోయాక గుండె మీద పడ్డాయి. ఆ శుభ్రమైన స్కాన్ కళ్లెం వేసిన మందుది కాదు. కళ్లెం లేని మందుది, ఆ పాత హంతకిది.

పట్టీ ఎందుకు కట్టారో, అది ఏం కొలుస్తుందో, మూడు ముక్కల్లో తండ్రికి చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మూడు ముక్కలు రత్నం పన్నెండేళ్లలో ఎన్నో సభల్లో చెప్పింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికేముంది, నాన్నే కదా అనుకుంది.

"కాదేటే?" అని మళ్లీ అడిగింది సత్యవతి. ఆవిడ కళ్లలో భయం చూసి రత్నం తల్లిని పట్టుకుంది.

"నీ తప్పు కాదమ్మా," అంది.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికే హైమవతి గదిలో ఉంది రత్నం. హైదరాబాద్ నుంచి రక్తం ఫలితాలు ముందురోజే వచ్చాయి. చనిపోయిన మనిషి కాగితాలు రత్నం చూస్తానంటే ఇప్పుడు అడ్డుచెప్పేవాళ్లు లేరు. పదకొండో నంబరు కాగితంలో, గుండె కండరం వాచినప్పుడు రక్తంలో కనిపించే గుర్తు ఉండాల్సిన దానికంటే నలభై రెట్లు ఉంది. రత్నం మంచు సంగతి కూడా చెప్పింది, ఏదీ దాచకుండా.

హైమవతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే చిక్కు.

"అంటే మూడో మనిషి కూడా పోయినట్టే. పరీక్ష ఆగిపోవాలి."

"అవును మేడమ్."

"వేడి కొలిచే ముక్కని చర్మం కింద పెట్టి, మళ్లీ అనుమతులు తెచ్చుకుని మొదలుపెట్టడానికి ఎంత పడుతుంది?"

"రెండేళ్లు."

"మిగిలిన తొమ్మిదిమందిలో రెండేళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి?"

రత్నం బల్ల మీది పదకొండో నంబరు కాగితాన్ని మడతపెట్టింది.

"మీ నాన్నగారొక్కరు చేసిన పని ఇది. బాధలో ఉన్న మనిషివి, తొందరపడకు. కాగితం రాసివ్వు, శుక్రవారం కమిటీలో పెడతాను. ఈలోగా ఆ తొమ్మిదిమంది ఒంట్లో మందు తన పని తను చేసుకుంటుంది. వాళ్ల పట్టీలన్నీ పచ్చగానే ఉన్నాయి కదా?"

ఆ చివరి మాట రత్నానికి ఎక్కడో తగిలింది. పచ్చగానే ఉన్నాయి. అందరివీ. ఒకే వారం నుంచి.

ఆమె కుర్చీలోంచి లేచి హాల్లోకి నడిచింది.

కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బల్లల మీద తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. ఒళ్లో చల్లని సీసాలు. మొదటి బల్ల మీద, మార్కెట్లో ఎండుచేపలు అమ్మే దాలమ్మ ఉంది. సీసాని మణికట్టుకి అదిమి, పైన కొంగు చుట్టుకుంది. మొహం మంటలా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. పట్టీ పచ్చగా ఉంది.

రత్నం ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చురుక్కుమని వెనక్కి తీసుకుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం! ఏ పల్లెటూరి తల్లయినా చేసే పని. ఇన్ని వారాల్లో ఇంత పెద్ద సంస్థలో ఒక్కరూ చెయ్యలేదు.

"ఈ సీసా ఎవరు పట్టుకోమన్నారు దాలమ్మా?"

దాలమ్మ అటూ ఇటూ చూసింది. పక్కాయన తల దించుకున్నాడు.

"మీ నాన్నగోరే సెప్పారమ్మా. పున్నెవంతుడు. పసుపు ఎలగ్గానే నీల్లెట్టుకోండి, ఎర్రబడనియ్యకండి అన్నారు. ఎర్రబడితే మీ పేరు తీసేత్తారు, మా పిల్ల కష్టవూ పోద్ది అన్నారు. ఒక్కొక్కల్లకీ ఆయనే కట్టి సూపించారు. ఎలా పోయారమ్మా అంత మంచి మనిసి?"

వెనకాల కూర్చున్నవాళ్లకి తన తిప్పలు తెలియకూడదనుకున్న మనిషి, వాళ్లందరికీ స్టీరింగు పట్టడం నేర్పి మరీ పోయాడు. రత్నానికి నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి గొంతులోంచి వచ్చింది. 'ఓరి నాన్నా! ఎంత పని చేశావు నాన్నా!'

రత్నం దాలమ్మ కొంగు విప్పి, సీసా తీసుకుని పక్కన పెట్టింది. తడి మణికట్టు తన చీరకొంగుతో తుడిచింది. పక్కాయన దగ్గరికి వెళ్లి ఆయన సీసా తీసుకుంది. తర్వాతి బల్ల. తర్వాతి బల్ల. ఒకాయన ఇవ్వనని రెండు చేతులా పట్టుకున్నాడు. "అమ్మా, దండం పెడతాను, ఇప్పటికే రెండు ఎరుపులు పడ్డాయి నాకు, మూడోది పడితే తీసేత్తారు," అని ఏడ్చాడు. రత్నం ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి సీసా లాక్కుంది. ఎవరినో దోచుకుంటున్నట్టే అనిపించింది ఆమెకి.

నర్సు సలోమి మందుల ట్రే పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. వెనకాల హైమవతి.

"రత్నం, ఏం చేస్తున్నావు? శుక్రవారం కమిటీ అన్నాను కదా!"

"నీళ్లు పొయ్యడం ఆపిస్తున్నాను మేడమ్."

పావుగంట గడిచింది. పట్టీ పావుగంటకోసారి కొలుస్తుంది. అది కూడా రత్నం నిర్ణయించిందే. ముందు దాలమ్మది పసుపు అయ్యి, వణికి, ఎర్రబడింది. తర్వాత పక్కాయనది. తర్వాత కిటికీ దగ్గర ఇద్దరివి ఒకేసారి. ఏడ్చినాయనది. తొమ్మిదిమందిలో ఆరుగురివి ఎర్రబడ్డాయి. ఒక్కొక్క దీపం వెలిగినప్పుడల్లా ఆ మనిషి ఒంట్లో ఒక చుక్క పడుతోంది, ఒక గుండె ఆ పూటకి బతికి బయటపడుతోంది. పరీక్ష ఆగిపోవడానికి ఆ ఏడ్చినాయన మూడో ఎరుపొక్కటే చాలు. రత్నం ఆరు వరకూ లెక్కపెట్టి ఆపేసింది.

కాసేపటికి దాలమ్మ మొహంలో ఎరుపు తగ్గి చెమట పట్టింది. ఒళ్లు తేలికపడినట్టుంది, కళ్లు పూర్తిగా తెరిచింది. మణికట్టు మీద ఎర్రదీపం చూసుకుంది. కొంగుతో దాన్ని కప్పేసుకుని, రత్నం చెయ్యి పట్టుకుంది.

"మరి మమ్మల్ని తీసేత్తారా అమ్మా?"

హాలంతా రత్నం కేసి చూస్తోంది. గోడకేసి చూద్దామనుకుంది గానీ ఆ హాలుకి మూడు పక్కలా అద్దాల కిటికీలే, నాలుగో పక్క గుమ్మంలో హైమవతి. దాలమ్మ కళ్లలోకి చూడాల్సే వచ్చింది.

"ఏటీ కాదు దాలమ్మా," అంది రత్నం. "సుబ్బరంగా ఉంటావు."